జువా కాదు, జీవాలజీ

జువాలజీ మాస్టారుగా బతికినవాడికి రెండు ప్రశ్నలు వింటే ఒళ్ళు మండుతుంది. ఒకటి, "ఇది చదివితే జూలో ఉద్యోగం ఇస్తారా అండీ?" రెండోది, "ఎంబీబీఎస్ సీటు రాక ఇందులో చేరారా?" తెనాలి కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్ళూ రేపల్లె నుంచి పాసింజరు బండిలో వెళ్ళొస్తూ ఈ రెండింటికీ జవాబు చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. రిటైరయ్యాక కూడా నన్ను వదల్లేదు. మొన్న గడ్డం గీయించుకుంటుంటే మంగలి షాపతను కూడా అదే అడిగాడు. మెడ మీద కత్తి ఉంది కాబట్టి మర్యాదగా జవాబిచ్చాను.

ఇప్పుడు మాత్రం ఎవరడిగినా ఒకటే చెబుతున్నాను. "రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్ళే రోడ్డు మీద ఆఫ్రీన్ ల్యాబు ఉంది. వెళ్ళి చూసి రండి. గుమ్మం దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. ఆవిడ దాటనిస్తే లోపలికి వెళ్ళండి."

ఆఫ్రీన్ నా స్టూడెంటు. ఆ పెద్దావిడ దాని నాయనమ్మ ఇమాం బీ. ఈ కథ ఆఫ్రీన్‌దే గానీ, ఇమాం బీ లేకుండా దాన్ని చెప్పబోతే ఆవిడ నన్ను రేపల్లెలో ఉండనివ్వదు.

ఆఫ్రీన్ తండ్రి నాగుల్ మీరా మోటార్లకు వైండింగ్ చేస్తాడు. రైసు మిల్లు మోటారు కాలినా, రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి అందించే ఏరేటరు ఆగినా అతనికే ఫోన్ వస్తుంది. మంచివాడు, మాట తక్కువ. ఆ ఇంట్లో మాటలన్నీ వాళ్ళమ్మవే. ఇమాం బీ పెళ్ళయి వచ్చేనాటికి ఆ కుటుంబానికి రెండెకరాల మాగాణి ఉండేదట. ఆవిడ భర్త దాన్ని పేకాటలో పోగొట్టాడు. ఒక మిల్లు వెనక గదిలో ఆడేవాళ్ళు. ఆడవాళ్ళు ఆ గుమ్మం తొక్కకూడదు. ఇమాం బీ చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళి, బయట నిలబడి నిలబడి తిరిగొచ్చేది. ఇంటికొచ్చాక అడిగితే ఆయన, "ఈ ఒక్కసారికి చూద్దాం బీబీ" అనేవాడు. చూస్తూ చూస్తూ పొలం మొత్తం చూశాడు.

ఆయన పోయి చాలాకాలమైంది. కానీ ఆ ఇంట్లో ఇప్పటికీ పేకముక్క కనబడకూడదు. పిల్లలు క్రికెట్టు చూస్తూ "ఏంటి పందెం?" అన్నా చీపురు లేస్తుంది. ఉర్దూలో జూదాన్ని జువా అంటారు. ఆ మాట పలికితే నోరు కడుక్కోవాలని ఇమాం బీ రూలు. ఈ సంగతి నాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

ఆఫ్రీన్ తెనాలిలో నా దగ్గర డిగ్రీలో చేరింది. అప్పట్లో ఆ కోర్సుని బీజడ్సీ అనేవాళ్ళు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ కలిపి మూడక్షరాలు. ఇంట్లో కూడా ఆ మూడక్షరాలే చెప్పింది కాబట్టి గొడవ లేదు. పొద్దున బండెక్కి సాయంత్రం బండి దిగేది. పల్లెకోన, భట్టిప్రోలు, వేమూరు దాటి తెనాలి చేరేదాకా ఖాళీగా కూర్చోవడం దానికి చేతకాదు. పాత శుభలేఖలు పోగుచేసి, పేకముక్కల సైజుకి కత్తిరించి, వెనక తెల్లగా ఉన్న వైపు బొమ్మలు గీసింది. ఒకవైపు నత్త, ఇంకోవైపు సగానికి తెగిన పెళ్ళికొడుకు పేరు. ఒకవైపు నక్షత్రచేప, ఇంకోవైపు "విందు" అన్న మాట మాత్రమే. నలుగురు ఆడపిల్లలు చుట్టూ కూర్చుని ముక్క తీయడం, ఆ జంతువు ఏ వర్గానికి చెందిందో చెప్పడం, తప్పు చెబితే ముక్క అవతలివాళ్ళకి ఇచ్చేయడం. అదీ ఆట. బండి కూత కన్నా వీళ్ళ అరుపులే ఎక్కువ వినిపించేవి. నేను పక్క సీట్లో పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాణ్ణి. పరీక్షల్లో ఆ నలుగురికీ బొమ్మ చూడగానే జవాబు వచ్చేసేది.

డిగ్రీ అయిపోయింది. ఎమ్మెస్సీ ఎంట్రన్సులో మంచి ర్యాంకు కొట్టింది. యూనివర్సిటీలో సీటు వచ్చింది. ఎమ్మెస్సీ అంటే ఇక మూడక్షరాల ముసుగు ఉండదు, ఒకటే సబ్జెక్టు. పిల్ల ఎగురుకుంటూ ఇంటికెళ్ళి, "దాదీ! నాకు జువాలజీలో సీటొచ్చింది!" అని అరిచింది.

ఇమాం బీ బియ్యం చెరుగుతోందట. చాట పక్కన పెట్టింది. "దేంట్లో?"

"జువాలజీలో!"

"జువాలోనా? తౌబా! జువాకి సీట్లు కూడా ఇస్తున్నారా!"

అక్కడితో ఆగినా నవ్వుకునే విషయమే. కానీ ఆ సమయానికి గడియారాల షాపు ఇర్షాద్ అక్కడే ఉన్నాడు. వీళ్ళకి దూరపు చుట్టం. సరుకు కోసం తెనాలి వెళ్ళొస్తుంటాడు. పాపం, చెడ్డవాడేమీ కాదు. కళ్ళతో చూసింది కడుపులో దాచుకోలేడు, అంతే. "నేను చెప్పకూడదనుకున్నా పెద్దమ్మా. మన ఆఫ్రీన్ రైల్లో ముక్కలు పట్టుకుని ఆడుతుంటే చాలాసార్లు చూశా. 'నీ ముక్క నాకివ్వు' అని ఒకటే గోల" అన్నాడు.

ఇక చెప్పేదేముంది! చదువు బంద్. సీటు వద్దు. యూనివర్సిటీ పేరెత్తితే అన్నం ముట్టనంది ఇమాం బీ. నాగుల్ మీరా నోరు విప్పబోయాడు గానీ వాళ్ళమ్మ చూసిన చూపుకి మళ్ళీ మూసుకున్నాడు. ఆ వారం ఆఖరులోపు వెళ్ళి చేరకపోతే సీటు ఇంకొకళ్ళకి పోతుంది. ఆఫ్రీన్ నాకు ఫోన్ చేసి, "సార్, మీరొచ్చి ఒక్కసారి చెప్పండి సార్" అంది.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. కుర్చీ వేశారు, మంచినీళ్ళు ఇచ్చారు. ఇమాం బీ ఎదురుగా మంచం మీద కూర్చుని నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"మీరేనా మాస్టారు? మా పిల్లకి జువా నేర్పింది?"

"జువా కాదమ్మా, జువాలజీ."

"లజీ సంగతి నాకు తెలీదండి. ముందు జువా ఉందా లేదా?"

ఉందని ఎలా ఒప్పుకోను, లేదని ఎలా అనను? "అది వేరే భాష మాటమ్మా. జూ అంటే అందులో జంతువు అని" అన్నాను.

"జూకి పంపుతారా పిల్లని?"

జూ అనగానే నాకు తిక్క లేచింది. ఏళ్ళ తరబడి దాచుకున్న తిక్క అది. "జూ కాదమ్మా! ఎంతోమంది చదివారు నా దగ్గర. టీచర్లయ్యారు, రక్తపరీక్షలు చేస్తున్నారు, అడవి శాఖలో ఉన్నారు, చేపల శాఖలో ఉన్నారు. అందరూ బతుకుతున్నారు."

"మరి మా పిల్లకేం వస్తది?"

"అది ఇప్పుడే చెప్పలేం కదమ్మా. చదవనివ్వండి. అదృష్టం బాగుంటే ఏదో ఒకటి తగలకపోదు."

నాగుల్ మీరా నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఇమాం బీ నెమ్మదిగా లేచి నిలబడింది. "మా ఆయనా ఇదే అనేవాడండి మాస్టారూ. అచ్చం ఇదే మాట. తగలకపోదు, తగలకపోదు అని." ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద మరుగుతున్న టీ నాదాకా రాలేదు.

ఆఫ్రీన్ వీధి గుమ్మందాకా వచ్చింది. "సార్, మీరు నాకు సాయం చేశారో, ముంచారో నాకర్థం కావట్లేదు" అంది. కళ్ళలో నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"నేనూ అదే ఆలోచిస్తున్నానమ్మా."

"మా దాదీ చెబితే నమ్మదు సార్. చూస్తే నమ్మిద్ది. మీ స్టూడెంట్లు ఎక్కడెక్కడ ఉన్నారో చూపిద్దాం పదండి."

ఇమాం బీని ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. మర్నాడు పొద్దున ఆవిడ కొత్త చీర కట్టుకుని, తమలపాకుల పొట్లం పట్టుకుని, నన్ను పట్టించుకోకుండా పాసింజరు బండెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

మొదట తెనాలి. అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబులో దీవెన పనిచేస్తోంది, నా పాత స్టూడెంటే. "మామ్మగారూ, రండి రండి" అని కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి, వేలికి చుక్కంత సూది గుచ్చింది.

"ఓసి నీ దుంపతెగ! నాకేం రోగమే?"

దీవెన చిన్న మిషను చూసి మొహం సీరియస్‌గా పెట్టింది. "షుగరు వచ్చేలా ఉందండి. ఇంకా ముదరలేదు. ఇవ్వాళ్టి నుంచి టీలో పంచదార మానేస్తే చేయి దాటదు."

ఇమాం బీకి టీ అంటే ప్రాణం. పంచదార అంటే అంతకన్నా ప్రాణం. "నాకేం తేడా తెలియట్లేదే!" అంది.

"తెలిసేసరికి ఆలస్యమైపోతదండి. అందుకేగా ముందే చూసేది."

బాపట్ల బండి ఎక్కేదాకా ఆవిడ ఆ వేలు వదల్లేదు. నాలో ఆశ పుట్టింది. ఆ ఆశ సూర్యలంక తీరంలో ఆవిరైపోయింది. అక్కడ హర్ష అనే నా స్టూడెంటు సముద్రపు తాబేళ్ళ గుడ్లను కాపాడే పని చేస్తున్నాడు. తీరా వెళ్తే ఇసుకలో ఒక కంచె, కంచెలో ఇసుక తప్ప ఏమీ లేదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కాదు. ఇంతమందికి పాఠం చెప్పినవాణ్ణి, ఆ ముక్క నాకు గుర్తుకురాలేదు.

"ఏయి తాబేళ్ళు?" అంది ఇమాం బీ.

"చలికాలం చివర్లో వస్తాయండి మామ్మగారూ."

"లేని తాబేళ్ళకి కాపలాయా! దీనికి జీతం కూడానా?"

ఆఫ్రీన్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది. హర్ష మాత్రం ఓపికగా ఫోనులో వీడియో చూపించాడు. ఇసుకలోంచి పిల్లలు బయటికొచ్చి, నీళ్ళవైపు పాకుతున్నాయి. ఇమాం బీ ఫోను కళ్ళ దగ్గరికి లాక్కుంది. "ఇందులో ఎన్ని బతుకుతాయి నాయనా?"

"వెయ్యికి ఒకటో రెండో పెద్దవవుతాయంటారండి."

"అమ్మో, ఇది మా ఆయన ఆటకన్నా అన్యాయం."

"అందుకేనండి, గుడ్లు కుక్కల పాలవకుండా మేం చూసుకునేది. నీళ్ళలోకి వెళ్ళాక మన చేతిలో లేదు. ఇసుకలో ఉన్నంతసేపు ఉంది."

ఆ వీడియో మళ్ళీ పెట్టించుకుని చూసింది. తిరుగు బండిలో తమలపాకు చుట్టి ఒకటి నాకూ ఇచ్చింది. నేను ఆకు వేసుకోను. అయినా నోరెత్తకుండా నమిలాను.

"చూశాను గానీ, మా పిల్లకేం వస్తదో ఇంకా తెలీలేదు మాస్టారూ" అంది రేపల్లెలో దిగుతూ. ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం. సీటు గడువు రేపటితో సరి.

మర్నాడు పొద్దున్నే నాగుల్ మీరాకి వెంకటరత్నం దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, చెరువు మీద ఏరేటరు ఆగిపోయిందని. వెంకటరత్నం రొయ్యల రైతు. అప్పుడు ఆఫ్రీన్ నాకూ ఫోన్ చేసి పట్టు పట్టింది, అందరం వెళ్దామని. ఆటోలో పనిముట్ల సంచితోపాటు నేను, ఇమాం బీ, ఆఫ్రీన్ ఇరుక్కుని కూర్చున్నాం. వెళ్ళేసరికి వెంకటరత్నం గట్టు మీద దిగాలుగా కూర్చుని ఉన్నాడు. పక్క చెరువు ఎండిపోయి పగుళ్ళు బారింది. అందులో పంట కిందటి నెలలోనే తెల్లమచ్చల వైరస్ వచ్చి పోయిందట.

"రొయ్యల సాగంటే జూదమేనమ్మా" అన్నాడు ఇమాం బీతో. "సాయంత్రం బాగున్న రొయ్య తెల్లారేసరికి గట్టుకొచ్చి పడిద్ది. ఇంకో వారం చూద్దాం అనుకున్నా. అంతే, పోయింది."

జూదం అన్న మాటకి ఇమాం బీ మొహం మారింది. నావైపు తిరిగి, దొరికిపోయావన్నట్టు చూసింది. నా పని అయిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ వెంకటరత్నాన్ని అడిగింది, "రోగం వస్తదని ముందే తెలియదా నాయనా?"

"పరీక్ష చేయిస్తే తెలిసిద్దమ్మా. తెలిస్తే చావకముందే పట్టుబడి పెట్టేసి, వలలో వచ్చిన కాడికి అమ్ముకుంటాం. నా ఎరికలో ఆ పరీక్ష చేసేవాళ్ళు దగ్గర్లో ఎవరూ లేరు. దూరం పంపి, కబురొచ్చేసరికి చెరువు ఖాళీ."

"ఆ పరీక్ష ఎవరు చేస్తారే?" అంది ఆఫ్రీన్‌తో.

"నా చదువు చదివినోళ్ళే దాదీ. నువ్వు పంపిస్తే నేను చేస్తా. ఇక్కడికే వచ్చి చేస్తా."

ఇమాం బీ బొటనవేలితో సూది గుచ్చిన వేలిని రుద్దుకుంటూ నీళ్ళవైపు చూసింది. నాగుల్ మీరా మోటారు విప్పడం ఆపి చూస్తున్నాడు.

"అయితే జంతువుల చదువన్నమాట. జీవాల చదువు" అంది చివరికి.

"అవును దాదీ."

"మరి జీవాలజీ అని ఏడవచ్చుగా! ఆ పేరు పెట్టినోడెవడు మాస్టారూ?"

"మన రేపల్లెవాడు కాదమ్మా" అన్నాను.

"వాడికి ఉర్దూ రాదు, తెలుగూ రాదు" అని తేల్చేసి, ఆఫ్రీన్ నెత్తిన ఒక్కటిచ్చింది. "జీవాలజీ అంటే వెళ్ళు. ఇంకో మాట నా ఇంట్లో వినబడితే ఊరుకోను." పిల్ల గట్టు మీదే ఆవిడ్ని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ చెరువులో పడబోతే వెంకటరత్నం పట్టుకున్నాడు. మధ్యాహ్నం బస్సుకే నాగుల్ మీరా కూతుర్ని తీసుకుని యూనివర్సిటీకి వెళ్ళి చేర్పించాడు. గ్రీజు చొక్కా మార్చుకోవడం కూడా మర్చిపోయాడట.

ఎమ్మెస్సీ అయ్యాక ఆఫ్రీన్ బాపట్ల తీరంలో రొయ్యపిల్లలను పెంచే ఒక హ్యాచరీలో చేరింది. పని నేర్చుకుంది, వైరస్ పరీక్షలో చేయి తిరిగింది. ఆపైన మాట ప్రకారం రేపల్లె వచ్చేసి ల్యాబు పెట్టింది. బోర్డు రాయించే పని నాగుల్ మీరా తీసుకున్నాడు. అమ్మకి భయపడ్డాడో, అమ్మ మీద ప్రేమో గానీ, ఆఫ్రీన్ పేరు పక్కన "ఎం.ఎస్సీ. జీవాలజీ" అని రాయించాడు. చూడగానే నాకు బీపీ పెరిగింది. ఇన్నేళ్ళు పాఠం చెప్పింది ఇందుకా అని గొడవ పెట్టుకున్నాను. ఎవరూ వినలేదు. ఇప్పుడు నాకూ అలవాటైపోయింది.

ఇమాం బీ రోజూ వచ్చి ల్యాబు గుమ్మం బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేది. చేతిలో పంచదార లేని టీ. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. "మిషన్లున్న గది. నాకెందుకు? బయట బాగుంది" అనేది. వచ్చే రైతుల్ని పలకరించి, చెప్పులు విప్పించి, వరసలో నిలబెట్టడం ఆవిడ డ్యూటీ. ఆవిడంటే రైతులకి కాస్త భయమే.

పోయిన నెలలో ఒకరోజు నేను పేపరు చదువుకుంటూ ల్యాబు లోపలే ఉన్నాను. వెంకటరత్నం వచ్చాడు. పొద్దున పాలిథిన్ కవర్లో రొయ్యలు ఇచ్చి వెళ్ళాడు, రిజల్టు కోసం మళ్ళీ వచ్చాడు. ఆఫ్రీన్ అద్దం తలుపు తీసిపెట్టి, ఆయన్ని లోపలికి పిలిచి చెప్పింది. "బాబాయ్, వైరస్ ఉంది. ఇంకా పైకి కనబడట్లేదు. ఇవ్వాళే పట్టుబడి పెట్టెయ్యండి."

ఆయన మొహం వాడిపోయింది. "ఇవ్వాళ పట్టానంటే చిన్న సైజు తల్లీ. పది రోజులు ఆగితే పెరిగిద్ది. రొయ్యలు హుషారుగానే ఉన్నాయి, మేత తింటన్నాయి."

"ఆగితే ఉండవు బాబాయ్."

"ఒకోసారి బతుకుతాయి కదమ్మా. ఈ ఒక్కసారికి చూద్దాం."

బయట కుర్చీ కదిలిన చప్పుడైంది. ఇమాం బీ టీ గ్లాసు కింద పెట్టి లేచింది. ఎన్నడూ దాటని ఆ గుమ్మం దాటి, లోపలికొచ్చి, వెంకటరత్నం ఎదురుగా నిలబడింది.

"ఇంక లెగు నాయనా" అంది. "ఆట అయిపోయింది. చేతిలో ఉన్నకాడికి తీసుకుని లెగు. ఇంటికి పో."

వెంకటరత్నం ఆవిడ మొహంలోకి చూశాడు. ఏం కనబడిందో గానీ, జేబులోంచి ఫోను తీసి వలల వాళ్ళకి కబురు చెప్పాడు. సాయంత్రానికి చెరువు పట్టించేశాడు. సైజు చిన్నదే, కానీ పంట చేతికొచ్చింది.

ఆయన వెళ్ళాక ఇమాం బీ అక్కడే, మిషన్ల మధ్య, నిలబడిపోయింది. ఆఫ్రీన్ దగ్గరికెళ్ళి భుజం పట్టుకుంది. "ఏంటి దాదీ, ఏమైంది?"

"ఏం కాలేదే. ఆ మాట మీ దాదాకి చెబుదామని ఎన్నిసార్లు వెళ్ళానో. ఆ మిల్లు గదిలోకి రానివ్వలేదు." కొంగుతో మొహం తుడుచుకుని, గదంతా ఒకసారి కలయజూసింది. తర్వాత నామీద పడింది. "ఏంటి మాస్టారూ, అలా చూస్తారు? ఆ బయటున్న నా కుర్చీ తీసుకొచ్చి లోపల వెయ్యండి."

నేను లేచి వెళ్ళి కుర్చీ తెచ్చి లోపల వేశాను.